మడ అడవిని దేనితో కొలవాలి

దేశంలో అడవి ఎంత ఉందన్న ప్రశ్నకు రెండేళ్లకోసారి ఒక అంకె జవాబుగా వస్తుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచి ఈ లెక్క ప్రకటిస్తోంది. 2023 సంవత్సరపు నివేదిక 2024 డిసెంబరులో వెలువడింది. దాని ప్రకారం దేశంలో అటవీ విస్తీర్ణం 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే భూభాగంలో 21.76 శాతం. అడవుల బయట చెదురుమదురుగా ఉన్న చెట్లను కూడా కలిపితే 8,27,357 చదరపు కిలోమీటర్లు, 25.17 శాతం. మూడో వంతు నేల మీద చెట్లుండాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం లక్ష్యం పెట్టింది. అందువల్ల ఈ శాతం పెరిగిందా తరిగిందా, ముప్పై మూడుకు ఇంకెంత దూరం ఉంది అన్నదాని చుట్టూనే ప్రతిసారీ చర్చ నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు ఈ లెక్కల్లో మంచి పేరే ఉంది. 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం అన్నిటికంటే ఎక్కువగా, 647 చదరపు కిలోమీటర్ల మేర పెరిగిన రాష్ట్రం ఇదే. 2023 నివేదికలో దేశం మొత్తం మీద మడ అడవి కాస్త తరిగితే, ఆంధ్రలో 13 చదరపు కిలోమీటర్లు పెరిగింది. ఈ అంకెలు తప్పని నా వాదన కాదు. గోదావరి డెల్టాలో అడవి బతుకుతోందో లేదో చెప్పడానికి ఇవి చాలవని నా వాదన. ఇక్కడి అడవికి ప్రాణాధారం ఎగువ నుంచి వచ్చే మంచినీరు, ఆ నీటితో కొట్టుకొచ్చే ఒండ్రు, వాటి మధ్య సముద్రపు ఉప్పు తూకం తప్పకుండా ఉండడం. ఈ లెక్కకు ఆ మూడూ కనిపించవు. లెక్కలో లేనిదాన్ని మన విధానం కాపాడడమూ లేదు.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూడాలి. ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలకు మించిన ఏ నేల మీదైనా కొమ్మలూ ఆకులూ పది శాతానికి మించి కప్పి ఉంటే, ఉపగ్రహ చిత్రంలో అది అటవీ విస్తీర్ణం కిందికి వస్తుంది. ఆ నేల ఎవరిది, చట్టం దాన్ని ఏమంటుంది, ఆ చెట్లు ఏ జాతివి అన్న విచారణ ఇందులో లేదు. పండ్ల తోటలూ వెదురూ తాటి జాతి చెట్లూ అన్నీ కలుస్తాయి. ఈ నిర్వచనంతో గోదావరి జిల్లాల మీద ఒకసారి చూపు సారిస్తే కోనసీమ కొబ్బరితోట అడవి అవుతుంది, తీరం పొడవునా వేసిన సరుగుడు తోట కూడా అడవి అవుతుంది. కొల్లేరు మాత్రం అవదు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చిన ఆ సరస్సులో ఉన్నది ఎక్కువగా నీళ్లే తప్ప చెట్ల గుంపు కాదు కనుక, అటవీ శాతానికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. 2023 నివేదికలోని 7,15,343 చదరపు కిలోమీటర్లలో 1,94,978 రికార్డుల్లోని అటవీ భూముల బయటే ఉన్నాయని ఆ సంస్థే స్పష్టంగా రాసింది. దాపరికం ఎక్కడా లేదు. దేశంలో ఎంత నేల మీద ఎంత ఆకు ఉందో చెప్పడానికి ఈ కొలత తయారైంది, ఆ పని అది బాగానే చేస్తోంది. ఆకు ఉంది కనుక అడవీ క్షేమంగా ఉందని మనం అనుకోవడంలోనే చిక్కు ఉంది.

డెల్టాలో ప్రకృతి తనంతట తాను పెంచిన అడవి మడ అడవి ఒక్కటే. కాకినాడ దక్షిణాన, తాళ్లరేవు, ఐ. పోలవరం పక్కగా గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే చోట, కోరింగ, గాడేరు పాయలు కాకినాడ అఖాతంలోకి దిగే చోట అది పరచుకుని ఉంది. 1978లో ఇందులో 235.70 చదరపు కిలోమీటర్లను కోరింగ అభయారణ్యంగా ప్రకటించారు. ఆ హద్దుల్లో కోరింగ, కోరింగ ఎక్స్‌టెన్షన్, భైరవపాలెం రిజర్వు అడవులున్నాయి. దక్షిణాన మసానితిప్ప, మట్లతిప్ప, బలుసుతిప్ప, కందికుప్ప వంటి మడ అడవులు అభయారణ్యం బయట రిజర్వు అడవులుగా మిగిలాయి. 235 చదరపు కిలోమీటర్లు అనగానే అంతా చెట్లే అనుకోకూడదు. అందులో పాయలున్నాయి, పోటు వచ్చినప్పుడు మునిగి ఆటుకు తేలే బురద మేటలున్నాయి, ఉప్పు పొర కట్టిన బయళ్లున్నాయి. చెట్టు లేని ఈ భాగాలన్నీ ఆకు లెక్కలో సున్నాలే. కానీ చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు పొట్ట నింపుకునేది ఆ బురద మేటల మీదే. అఖాతాన్ని సముద్రపు అలల నుంచి కాచే హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ మీద జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటికి కావలసింది చెట్టు నీడ పడని ఖాళీ ఇసుక.

మడ చెట్టు బతికే తీరు తెలిస్తే మిగతా వాదన సులువుగా అర్థమవుతుంది. పోటు ముంచే బురదలో గాలి ఆడదు. వేలు లోతున తవ్వితే నల్లటి మట్టి, కుళ్లిన గుడ్ల వాసన. ఏ మామూలు చెట్టైనా ఆ మట్టిలో వేళ్లు కుళ్లి చచ్చిపోతుంది. తెల్లమడ, నల్లమడ చెట్లు నేలలోంచి పైకి వేల సంఖ్యలో శ్వాసవేళ్లు పొడుచుకొచ్చేలా పెంచుతాయి, ఆటు సమయంలో అవి గాలి పీల్చి కిందికి పంపుతాయి. పొన్న జాతి చెట్లు కాండం నుంచి ఊతవేళ్లు దించి మెత్తటి బురద మీద నిలదొక్కుకుంటాయి, విత్తనాన్ని చెట్టు మీదే మొలకెత్తించి పొడవాటి మొక్కగా చేశాక జారవిడుస్తాయి. ఉప్పు సంగతి ఇంకా కష్టం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. పొన్న వేళ్లు ఉప్పులో చాలా భాగాన్ని లోపలికి రానివ్వవు. మడ జాతులు తాగిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల నుంచి బయటికి చెమరుస్తాయి. ఈ పనులన్నిటికీ శక్తి ఖర్చవుతుంది. ఉప్పు ఎంత ఎక్కువైతే ఆ ఖర్చు అంత పెరిగి, చెట్టు ఎదగడానికి మిగిలేది అంత తగ్గుతుంది. మడ చెట్టు ఉప్పును ఓర్చుకుంటుందే తప్ప కోరుకోదు. వాన కాలంలో వరద తెచ్చే తీపి నీరు బురదలోని ఉప్పును కడిగినప్పుడే విత్తనాలు బాగా నాటుకుంటాయి, మొలకలు నిలుస్తాయి.

ఉప్పు ఓర్పు అన్ని జాతులకూ ఒకేలా ఉండదు. తెల్లమడ సముద్రపు నీటికంటే ఉప్పగా ఉన్న బురదలో కూడా కుంగిపోయి, పొదలా మారి బతుకుతుంది. కళింగ లాంటి చెట్లకు నది నీరు తగినంత కలవాలి. మంచినీరు ఏటికేడు తగ్గితే అడవి ఒక్కసారిగా చావదు. ముందు తీపినీటి జాతులు పలచబడతాయి, వాటి చోటును తెల్లమడ తీసుకుంటుంది, చెట్ల ఎత్తు తగ్గుతుంది, చివరికి ఒకటి రెండు జాతుల పొదలు మిగులుతాయి. కోరింగలో ఇరవై నాలుగు దాకా మడ జాతులు నమోదయ్యాయి. అటవీ సర్వేక్షణ వాడే ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క నేల మీద 23.5 మీటర్ల చదరం. ఇరవై నాలుగు జాతులున్న అడవీ ఒకే జాతి పొదలున్న అడవీ ఆ చుక్కలో దాదాపు ఒకే పచ్చ. అడవి లోపల్లోపల పేదదవుతున్నా శాతం కదలకుండా నిలబడే ఉంటుంది. సాంద్రత లెక్కలో మాత్రం ఒక జాడ దొరుకుతుంది. 2021 నివేదికలో రాష్ట్రంలోని 405 చదరపు కిలోమీటర్ల మడ అడవిలో 213 మధ్యస్థంగానూ 192 పలచగానూ ఉన్నాయి. డెబ్భై శాతానికి మించి కప్పిన చిక్కటి మడ అడవి ఒక్క చదరపు కిలోమీటరు కూడా లేదు. పెరిగిన విస్తీర్ణం వార్త అయినంతగా ఈ సున్నా వార్త కాలేదు. నాకు మాత్రం ఆ పుటలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె అదే.

ఇక ఒండ్రు. డెల్టా అంటే నది తెచ్చిన మట్టి, అంతే. పద్దెనిమిదో శతాబ్దంలో ఓడలు కట్టిన కోరంగి రేవు తర్వాత పూడిపోయి పనికిరాకుండా పోయిందంటే గోదావరి ఎంత మట్టి మోసేదో ఊహించవచ్చు. రేవును పూడ్చిన ఆ మట్టే మడ అడవికి నేల అయింది. బురద తనంతట తాను ఏటా కాస్త కుంగుతుంది, సముద్రం కాస్త పెరుగుతుంది. ఈ రెంటినీ భర్తీ చేసేంత కొత్త మట్టి రాకపోతే అడవి కాలికింది నేల జారిపోతుంది. 1852లో ధవళేశ్వరం దగ్గర పూర్తయిన కాటన్ ఆనకట్ట ఎత్తు తక్కువ కనుక వరద నీరూ మట్టీ దాని మీదుగా దూకి పోయేవి. అసలు మార్పు ఎగువన మహారాష్ట్ర, తెలంగాణల్లో పెద్ద జలాశయాలు వచ్చాక మొదలైంది. జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ వంటివి నీటితోపాటు మట్టినీ పట్టి ఉంచేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు చేసిన అధ్యయనాల ప్రకారం, 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నులుగా ఉన్న గోదావరి ఒండ్రు 2000–2006 నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976, 2001 చిత్రాలను పోల్చినప్పుడు డెల్టా అంచున కలిసిన నేలనూ కోల్పోయిన నేలనూ సరిచూస్తే నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్లు సముద్రం పాలైంది. తీరం ఒకచోట మేట వేస్తూ మరోచోట కోసుకుపోవడం డెల్టాలకు సహజమే. కానీ పాతికేళ్ల నికర లెక్క నష్టం వైపు తిరిగిందంటే, నేలను కట్టే నది ఆ పనిలో వెనకబడిందని అర్థం.

ఇక్కడ డెల్టా రైతు నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల కింద దాదాపు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. దాళ్వా చివర్లో శివారు భూములకు నీరందక చేలు బీటలు వారిన ఏళ్లు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు మడ చెట్ల కోసం నీళ్లు వదలమనడం అన్యాయం కాదా? పైగా వేల టీఎంసీల గోదావరి నీరు ఏటా వృథాగా సముద్రంలో కలుస్తోందని ప్రతి పార్టీ సభలోనూ వింటూనే ఉన్నాం, ఇంకా ఎంత కావాలి? ఏడాది మొత్తం లెక్క తీస్తే నీరు చాలినంత కలుస్తోంది, నిజమే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటి పోయింది. కానీ అదంతా జూలై నుంచి అక్టోబరు లోపే. డిసెంబరు తర్వాత బ్యారేజీ గేట్లు దించితే దిగువన పాయల్లోకి దాదాపు ఏమీ రాదు. ఆ అయిదారు నెలలు పాయ అంతా సముద్రపు నీరే. అందుకే సగటు లెక్క ఇక్కడ పనికిరాదు, వేసవి నెలల లెక్క వేరుగా కట్టాలి. ఆ నెలల్లో పాయల్ని తీపిగా ఉంచడానికి కావలసిన నీరు వరి పంట తాగే నీటితో పోల్చదగింది కాదని నా అభిప్రాయం. అయినా ఎంత కావాలో ముందు కొలవాలి, కొలిచాకే రైతుతో మాట్లాడాలి. రైతుకు ఇందులో నష్టమే ఉందనుకోవడం కూడా పొరపాటు. పాయ ఉప్పెక్కితే పక్క ఊళ్ల బోర్లూ ఉప్పెక్కుతాయి, సముద్రం అంచు శివారు భూములు చౌడుబారతాయి. మడ అడవిని ఎండగట్టే ఉప్పే ఆ చేలనూ ఎండగడుతుంది. ఇక సముద్రంలో కలిసిన నీరు వృథా అన్న మాట. వరదకు ఎదురీదే పులస, పాయల్లో ఎదిగే పండుగప్ప, మండపీత, రొయ్య పిల్ల, వాటి మీద బతికే పల్లెకారుల ఇళ్లు – ఇవన్నీ ఆ నీరూ ఆ ఒండ్రూ పండించిన పంటలే. కాలువ కింద పండితే ప్రయోజనం, పాయలో పండితే వృథా అన్న లెక్క ఏ శాస్త్రానికీ అందదు.

విస్తీర్ణం పెరుగుతోంది కదా, మొక్కలు నాటుతున్నారు కదా అని రెండో అభ్యంతరం. నాటడం గురించి గోదావరి మడ అడవులే మంచి పాఠం చెప్పాయి. పూర్వం వంటచెరకు కోసం మడ అడవిని వంతులవారీగా నరికేవారు. నరికిన నేల మళ్లీ చిగురిస్తుందని అంచనా. చాలాచోట్ల అలా జరగలేదు. నీడ పోయిన బురద ఎండలో ఎండి కుంగి పళ్లెంలా గుంటపడింది. పోటు నీరు అందులోకి వచ్చి, ఆటుతో తిరిగి పోలేక నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. సముద్రానికి రెండు మూడు రెట్లు ఉప్పగా మారిన ఆ నేలలో ఎన్ని విత్తనాలు వచ్చి పడినా మొలవలేదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీ శాఖతోనూ ఊళ్లలోని సంఘాలతోనూ కలిసి ఇక్కడ చేసిన పనిలో మొక్క రెండో మెట్టు మాత్రమే. ముందు పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా చేప ముల్లులా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వారు. పోటు వచ్చి, ఆటుతో తిరిగి వెళ్లే దారి ఏర్పడింది, ఉప్పు కడిగిపోయింది, కాలువ గట్ల వాలు మీద నాటిన మొక్కలు నిలిచాయి. నీటి దారి సరిచేస్తే అడవి తిరిగి వస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

నీటిని పట్టించుకోకుండా నాటితే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ చూపింది. అక్కడ దశాబ్దాల పాటు కోట్లు ఖర్చు పెట్టి నాటిన మడ మొక్కల్లో చాలాచోట్ల పది ఇరవై శాతమే మిగిలాయి. అసలు మడ పెరగవలసిన నేలలు చేపల చెరువులైపోయాయి, నాటడానికి సులువుగా దొరికిన చోటల్లా సముద్రం అంచు బురద మేటలే, వాటి మీద సరిపడని జాతుల్ని గుచ్చారు. బంగ్లాదేశ్ 1960ల నుంచి తీరాన మడ నాటి చాలా చోట్ల నిలబెట్టింది. గంగా బ్రహ్మపుత్రలు ఏటా కొత్త మేటలు వేస్తూనే ఉన్నాయి కనుక అక్కడ మొక్కకు నేల దొరికింది. గోదావరిలో ఒండ్రు తగ్గిపోతుండగా బంగ్లాదేశ్ ఫలితం ఇక్కడ ఆశించలేం. 2023–24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టీ పథకం అయిదేళ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మేర మడను పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. ఉద్దేశం మంచిదే. కానీ లక్ష్యం చదరపు కిలోమీటర్లలో ఉన్నంత కాలం, ఖాళీగా కనిపించే బురద మేటే నాటేవాళ్ల కంటికి మొదట ఆనుతుంది. ఆ మేటను మడతో నింపితే ఉల్లంకి పిట్ట మేత పోతుంది, అటవీ శాతం మాత్రం పెరుగుతుంది.

నేల మీద హద్దు గీసి కాపాడడం అవసరం లేదని ఇదంతా చదివి ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యం కాకపోయి ఉంటే కోరింగలో బావురుపిల్లులూ నీటికుక్కలూ ఇవాళ ఈ మాత్రమైనా ఉండేవి కావు. పిల్లి జాతుల్లో నీటిలోకి దిగి చేపను పట్టే అలవాటు బాగా ఉన్నది బావురుపిల్లికే. పాయ, బురద, పొద మూడూ పక్కపక్కన ఉన్నచోటే అది బతకగలదు. హద్దు వల్ల స్థానికుల పొట్ట కొడుతున్నారన్న ఫిర్యాదుకు కూడా చట్టంలోనే కొంత జవాబుంది. అభయారణ్యంలో ముందునుంచీ ఉన్న హక్కుల్ని విచారించి కొనసాగించే అధికారాన్ని 24వ సెక్షను కలెక్టరుకు ఇస్తుంది. వలతో, చిన్న నావతో చేపలు పట్టేవారి హక్కును రాతపూర్వకంగా గుర్తించడం అడవికి మేలే. పాయ నీరు ఎప్పుడు ఉప్పెక్కిందో, ఏ మొగ పూడిందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే.

హద్దు చేయలేనిది హద్దు బయట మొదలవుతుంది. 1980ల చివర మొదలైన టైగర్ రొయ్య వెల్లువలో తీరం వెంట పోటు నీరు తిరిగే నేలలు చెరువులయ్యాయి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చాలా చెరువులు ఎండినా గట్లు అలాగే ఉండిపోయాయి. 2009 తర్వాత వెనామి రొయ్యతో రెండో వెల్లువ వచ్చింది. చెరువు గట్టు అంటే పోటుకు అడ్డుగోడ. గట్టు అవతల మిగిలిన మడ, నరక్కపోయినా, నీటి దారి మూసుకుపోయి ఎండుతుంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలో పెద్ద రొయ్యల చెరువులను నియంత్రిస్తూ తీర్పిచ్చింది. సరిగ్గా మరునాడు గోదావర్మన్ కేసులో నిఘంటువు అర్థంలో అడవి అనిపించుకునేదంతా అటవీ చట్టం కిందికి వస్తుందని మరో ఉత్తర్వు ఇచ్చింది. రెండిటినీ కలిపి అమలు చేసి ఉంటే డెల్టా తీరానికి రక్షణ చాలా గట్టిపడేది. మొదటిదాని పట్టును 2005 నాటి తీరప్రాంత జలచరాల పెంపకం చట్టం చాలావరకు సడలించింది. రెండోదాని పరిధిని 2023 అటవీ సంరక్షణ సవరణ కుదించింది, ఆ వివాదంలో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్లీ నిఘంటువు అర్థాన్నే తాత్కాలికంగా నిలిపింది. రికార్డుల్లో అడవిగా రాయని మడ నేల ఎంత సులువుగా పోతుందో కాకినాడ దుమ్ములపేట చూపింది. 2020లో ఇళ్ల స్థలాల కోసం అక్కడి మడ నేలను మెరక చేయడం మొదలైతే వ్యవహారం హైకోర్టు దాకా, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇంటి స్థలం కావాలి, సందేహం లేదు. పోటు ముంచే బురదలో ఇచ్చిన స్థలం వాళ్లను తుపానుకు ఎదురుగా నిలబెడుతుంది.

తుపాను మాట వచ్చింది కనుక మడ అడవిని సమర్థించేవాళ్లు తరచు చేసే అతిశయోక్తిని కూడా సరిదిద్దాలి. మడ అడవి ఉంటే ఉప్పెన రాదని కొందరు చెబుతారు. 1839 నవంబరులో కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన నలభై అడుగులని, మూడు లక్షల మంది పోయారని పుస్తకాల్లో నిలిచిపోయింది. అప్పుడు మడ అడవి ఇప్పటికంటే తక్కువేమీ కాదు. కొలతలు ఏం చెబుతాయంటే, వంద మీటర్ల వెడల్పు మడ పట్టీ అలల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గిస్తుంది. కానీ ఉప్పెన నీటిమట్టం మడలో కిలోమీటరు దూరం ప్రయాణించాక తగ్గేది అయిదు నుంచి యాభై సెంటీమీటర్లే. నలభై అడుగుల నీటిగోడ ముందు అది చిన్న తగ్గింపు. ఆరేడు అడుగుల ఉప్పెనలో అదే తగ్గింపు ఇంటి కప్పుకూ ఛాతీకీ మధ్య తేడా. 1999 ఒడిశా పెనుతుపాను మీద సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ చేసిన అధ్యయనం, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువని చూపింది. ముందస్తు హెచ్చరికలు కాపాడినంతగా మడ కాపాడలేదని కూడా అదే చెప్పింది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుపాను లాంటిది మళ్లీ వస్తే మనకు రెండూ కావాలి. ఈ లెక్కలో కూడా చూడండి, పని చేసేది మడ వెడల్పు, వేళ్ల దట్టదనం, కింది బురద ఎత్తు. మొత్తం చదరపు కిలోమీటర్లు ఈ సంగతి ఏదీ చెప్పవు. కర్బనం సంగతీ అంతే. ఇండో పసిఫిక్ మడ అడవుల్లో హెక్టారుకు సగటున వెయ్యి టన్నుల కర్బనం ఉందనీ, అందులో ఎక్కువ భాగం చెట్టులో కాక బురదలోనే ఉందనీ 2011లో ఒక అధ్యయనం తేల్చింది. ఆకాశం నుంచి కనిపించేది అందులో చిన్న భాగం.

దేశమంతటికీ ఒకే కొలబద్ద ఉండాలి, ప్రతి అడవికీ వేరు లెక్క పెడితే పోల్చడం ఎలా అని గణాంక నిపుణులు అడుగుతారు. శాతాన్ని తీసేయమని ఎవరూ అడగడం లేదు. దాని పక్కన మడ అడవుల అధ్యాయంలో మరో నాలుగు గడులు చేరిస్తే చాలు: ఏప్రిల్, మే నెలల్లో పాయ నీటి ఉప్పు ఎంత, ఏడాదిలో డెల్టాకు చేరిన ఒండ్రు ఎంత, ఒక్కో చోట ఎన్ని జాతులు, తీరం ఎంత కోసుకుపోయింది. కొత్తగా కనిపెట్టవలసిన పరికరం ఏదీ లేదు. ఒండ్రును పోలవరం దగ్గర కేంద్ర జల సంఘం కొలుస్తూనే ఉంది, తీరాన్ని ఉపగ్రహాలు చూస్తూనే ఉన్నాయి. ఆ అంకెలు ఒక శాఖలో, చెట్లు ఇంకో శాఖలో, చెరువులు మత్స్య శాఖలో, నేల రెవెన్యూలో ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోయాక రాజమహేంద్రవరం కేంద్రంగా మిగిలిన తూర్పు గోదావరికి సముద్రతీరమే లేదు, ధవళేశ్వరం బ్యారేజీ చాలావరకు ఒక జిల్లాలో, అది నీరొదలవలసిన మడ అడవి వేరే రెండు జిల్లాల్లో. ఎగువన కడుతున్న పోలవరం జలాశయం నిండడం మొదలైతే మిగిలిన ఆరు కోట్ల టన్నుల్లో ఇంకొంత అక్కడే ఆగిపోతుంది. ఆ ప్రాజెక్టుకు 3,731 హెక్టార్ల అటవీ భూమి ఇస్తున్నప్పుడు, మునిగే అడవికి బదులు ఎక్కడ మొక్కలు నాటాలో చట్టం ప్రకారం లెక్క కట్టారు. నూట ఇరవై కిలోమీటర్ల దిగువన మడ అడవికి తగ్గే మట్టికి బదులు ఏమిటన్నది ఆ అటవీ లెక్కలో పద్దుగా లేదు. అది చేర్చడం ఇప్పటికీ సాధ్యమే. వరద మొదటి రోజుల్లో, నీరు అన్నిటికంటే ఎక్కువ మట్టి మోస్తున్నప్పుడు, అడుగు తూముల ద్వారా దాన్ని నిలపకుండా వదిలే పద్ధతి చైనా పసుపుపచ్చ నది మీద కొంత ఫలితమిచ్చింది. పోలవరం నిర్వహణ నియమాల్లో అలాంటి వీలు ఎంతవరకు ఉందో ఇంజనీర్లు ఇప్పుడే పరిశీలించాలి.

అంతదాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. రోగాలొచ్చి వదిలేసిన రొయ్యల చెరువులు కోరింగ పక్కన, వశిష్ఠ, వైనతేయ మొగల దగ్గర ఉన్నాయి. వాటి గట్లను సరైన చోట తెంపి పోటును లోపలికి రానిస్తే, ఎగువ నుంచి చుక్క నీరు అడగకుండా, ఒక్క బురద మేటను పాడుచేయకుండా మడకు దాని పాత నేల తిరిగి దొరుకుతుంది. పక్కన తల్లి చెట్లుంటే చాలాచోట్ల నాటే పని కూడా ఉండదు, విత్తనాన్ని పోటే తెస్తుంది. ఇందుకు ముందు తేల్చవలసింది ఆ చెరువుల్లో పట్టా భూములేవి, ప్రభుత్వ భూములేవి, ఆక్రమణలేవి అన్నది. పట్టా ఉన్నవారికి పరిహారం ఎలా ఇవ్వాలో, తెరిచిన నేలలో పీతలూ చేపలూ పట్టే హక్కు ఏ ఊరి సంఘానికి చెందాలో నిర్ణయించాలి. మొక్కలకు కేటాయిస్తున్న డబ్బులో కొంత భాగాన్ని ఈ సర్వేకు మళ్లిస్తే కాకినాడ, కోనసీమ కలెక్టరేట్లలో ఈ పని మొదలుపెట్టవచ్చు.